పిల్లిని వదిలేస్తే తామర పోతుందా?
కరీంనగర్‌లో మా పిల్లికి చెవి పక్కన వెంట్రుకలు గుండ్రంగా ఊడాయి. వారంలో అమ్మ చేతి మీద ఎర్రటి రింగ్! ‘పిల్లిని ఊరవతల వదిలెయ్యి బిడ్డా’ అన్నారు చుట్టాలు. కానీ రాలిన వెంట్రుకల్లో ఫంగస్ నెలల తరబడి బతుకుతుంది. పిల్లి పోయినా తామర ఇంట్లోనే ఉంటుంది.

స్టెరాయిడ్ కలిసిన క్రీమ్ రాస్తే దురద తగ్గుతుంది, తామర మాత్రం పాకుతుంది. అందుకే 2018లో కేంద్రం చాలా స్టెరాయిడ్ క్రీములకు డాక్టర్ చీటీ తప్పనిసరి చేసింది.

అమ్మను స్కిన్ డాక్టర్‌కి, పిల్లిని పశువుల దవాఖానలో ఒకేరోజు చూపించాం. పిల్లికి విడిగా ఒక గది, రోజూ తడిగుడ్డతో తుడవడం, ఎవరి టవల్ వాళ్లకే, దుప్పట్లు వేడినీళ్లలో ఉతికి ఎండలో ఆరేయడం. మచ్చ మాయమైందని మందు ఆపేయకండి. డాక్టర్ చెప్పినన్ని రోజులూ వాడాల్సిందే, మనిషైనా పిల్లైనా!