అవ్వ అడుగులు

పిల్లలూ, గోడ దగ్గర ఒంటికాలిమీద నిలబడి కళ్ళు మూసుకోండి. తూలుతున్నారు కదూ? మనను తూలకుండా కాచేవి కళ్ళూ, లోపలి చెవీ, పాదాలనుంచి మెదడుకు చేరే కబుర్లూను. ముసలితనంలో ఇవన్నీ మందగిస్తాయి; కాళ్ళలో సత్తువా తగ్గుతుంది. పడిపోతుందేమోనని అవ్వను మంచం దిగనివ్వకపోతే ఆ కాళ్ళు మరింత నీరసిస్తాయి!

న్యూజీలాండులో 80 ఏళ్ళు పైబడిన 233 మంది అవ్వలతో ఒక పరిశోధన జరిపి, ఫలితాలు 1997లో ప్రకటించారు. సగంమందికి ఫిజియోథెరపిస్టు ఇంటికే వెళ్ళి కసరత్తు నేర్పారు: చీలమండలకు చిన్న బరువులు కట్టుకుని కాలు చాచటం, కుర్చీలోంచి లేవటం, వేళ్ళకు మడమ ఆనిస్తూ గీతమీద నడిచినట్టు నడవటం. ఏడాదిలో వీళ్ళు మిగతావారికన్న తక్కువసార్లు పడ్డారు.

మీ అవ్వకు వైద్యులు ఇలాంటి కసరత్తు చెబితే పక్కనే నిలబడండి. చెయ్యి పట్టి లాగకండి; కావాలంటే ఆవిడే పట్టుకుంటుంది.