పింజర కాటు తరవాత వదలని నీరసం

సార్వా కోతల రోజుల్లో కోనసీమ చేలల్లో పనలు ఎత్తేవాళ్లకు రక్తపింజరంటేనే హడల్. గింజల కోసం ఎలుక వస్తుంది, ఎలుక కోసం పింజర వస్తుంది. పన కింద చుట్ట చుట్టుకుని పడుకుంటే మట్టిలో కలిసిపోయి కంటికి ఆనదు.

కాటు పడ్డ క్షణానే మన అధివృక్క గ్రంథులు పని మొదలుపెడతాయి. కిడ్నీల పైన చెరొకటి ఉంటాయివి. ఒక్కొక్కటీ 4, 5 గ్రాముల బరువు. లోపలి భాగం పేరు దవ్వ. మెదడు నుంచి నరాల మీదుగా కబురు అందగానే అది అడ్రినలిన్‌ను రక్తంలోకి వదులుతుంది. గుండె దడదడలాడుతుంది, ఊపిరి గొట్టాలు విచ్చుకుంటాయి, కాలేయం దాచిన చక్కెరను బయటికి తీస్తుంది. కరిచింది విషం లేని నీటిపామైనా ఇదంతా జరుగుతుంది. కాబట్టి గుండెదడను బట్టి విషం ఎక్కిందని తేల్చలేం. ఆసుపత్రిలో కాస్త రక్తం తీసి, శుభ్రమైన పొడి గాజు గొట్టంలో పోసి, 20 నిమిషాలు కదపకుండా ఉంచుతారు. ఆ తరవాత వంచినప్పుడు గడ్డ కట్టకుండా జారితే పింజర విషం పనిచేస్తున్నట్టే.

విషానికి విరుగుడు మందు గుర్రాల రక్తం నుంచి తయారవుతుంది. కొందరికి అది పడక ఒళ్లంతా దద్దుర్లు లేచి, బీపీ పడిపోతుంది. అప్పుడు తొడ కండరంలోకి వెంటనే ఇచ్చేది మళ్లీ అడ్రినలినే. జపాన్ శాస్త్రవేత్త జోకిచి తకమినె 1901లో శుద్ధరూపంలో లోకానికి అందించిన ఈ హార్మోను ఈనాటికీ ప్రాణదాతే.

నేను ముఖ్యంగా చెప్పదలచింది మాత్రం గ్రంథి వెలుపలి భాగం గురించి. వల్కలం అనే ఆ భాగం ఆల్డోస్టిరోన్‌తో ఒంట్లో ఉప్పును కాపాడుతుంది, కార్టిసాల్‌తో బీపీనీ చక్కెరనూ నిలబెడుతుంది. కార్టిసాల్ లేకపోతే రక్తనాళాలు అడ్రినలిన్ మాట కూడా సరిగా వినవు. ఈ కార్టిసాల్ ఎంత తయారవ్వాలో చెప్పేది మెదడు అడుగున శనగగింజంత ఉండే పీయూష గ్రంథి. తెల్లవారేసరికి దాన్ని బాగా పెంచి, రాత్రికి తగ్గిస్తుంది.

పింజర విషం సన్నని రక్తనాళాల్లో గడ్డలు కట్టిస్తుంది, మరోచోట రక్తస్రావం చేయిస్తుంది. కొందరిలో ఆ దెబ్బ పీయూష గ్రంథికి తగులుతుంది. అధివృక్క గ్రంథులు బాగానే ఉన్నా ఆజ్ఞ ఇచ్చేవాళ్లుండరు. బర్మా రోగుల్లో దీన్ని 1987లో వివరంగా నమోదు చేశారు. దక్షిణ భారతంలోనూ ఇలాంటి రోగులు కనిపించారు. కొందరికి కాటు పడ్డ రోజుల్లోనే బయటపడుతుంది, కొందరికి నెలలో, ఏళ్లో పడుతుంది. లేచి నిలబడితే కళ్లు తిరుగుతాయి. అన్నం సయించదు. చంకల్లో వెంట్రుకలు రాలతాయి. ఆడవాళ్లకు నెలసరి ఆగిపోతుంది. ఇంట్లోవాళ్లు నీరసమనుకుని సెలైన్ పెట్టిస్తారు. రెండు రోజులు తేరుకున్నట్టుండి మళ్లీ మొదటికొస్తుంది.

థామస్ అడిసన్ 1855లో వర్ణించిన జబ్బులో అధివృక్క గ్రంథులే చెడిపోతాయి. మన దేశంలో దానికి క్షయ ఒక ముఖ్య కారణం. అందులో చర్మం నల్లబడుతుంది కాబట్టి వైద్యుడికి అనుమానం వస్తుంది. పింజర కాటు తరవాతి లోపంలో నలుపు రాదు, పైగా మనిషి పాలిపోతాడు. అందుకే ఇది సులువుగా దాటిపోతుంది. కనిపెడితే వైద్యం కష్టం కాదు. లోపించిన కార్టిసాల్‌కు బదులుగా హైడ్రోకార్టిసోన్ మాత్రలు రోజూ వేసుకోవాలి. జ్వరం వస్తే వైద్యుడు చెప్పినట్టు మోతాదు పెంచాలి. సొంతంగా మానేస్తే ప్రాణం మీదికొస్తుంది.

మీ ఇంట్లో ఎవరికైనా ఎప్పుడైనా పింజర కరిచి, ఆ తరవాత నీరసం వదలకపోతే, పాత కాటు సంగతి వైద్యుడికి తప్పక చెప్పండి. ఉదయం 8 గంటలప్పుడు కార్టిసాల్ పరీక్ష చేయించమని అడగండి.