పరీక్షాదీపము

మేము ఆంధ్రదేశమున చదువుకొను కాలమున లాగరిథము పట్టికను పరీక్షాశాలలోనికి తీసుకొనిపోవుచుంటిమి. పర్యవేక్షకుడు దాని పుటలను గబగబ తిప్పి, అంచులలో పెన్సిలు వ్రాతలు లేవని చూచి, మరల మా చేతికిచ్చెడివాడు. అంతటితో అనుమానము తీరెడిది. పుస్తకమునకు బదులు ఒక యంత్రమే విద్యార్థి చేతనున్నచో ఏ పుటను తిప్పి చూడవలెను? ఈ ప్రశ్నకు ఇతరదేశములవారు వెదకిన సమాధానములను గూర్చి యిచట వ్రాయుచున్నాము.

మన రాజపాళయమున ప్లస్ టూ గణితమునకు కాల్క్యులేటరు కూడదు గాన, గ్రాఫు గీయు కాల్క్యులేటరును చూచినవారు మన విద్యార్థులలో కొద్దిమందియే యుందురు. దీనిని 1985లో క్యాసియో సంస్థ మొదట విపణిలో పెట్టెను. మీటలు నొక్కి సమీకరణమును ఇచ్చినచో చిన్నతెరపై దాని వక్రరేఖ కనబడును. 1999లో టెక్సాస్ ఇన్‌స్ట్రుమెంట్స్ వారు తెచ్చిన టి.ఐ.-83 ప్లస్ తెరపై 96 నిలువువరుసలు, 64 అడ్డువరుసలు, అనగా 6144 చుక్కలు మాత్రమే కలవు. అయినను అది నిజమునకొక చిన్న కంప్యూటరే. విద్యార్థులు దానికి ప్రోగ్రాములు వ్రాసిరి, ఆటలు కల్పించిరి. అనేకులకు ఆ విద్యలో అదియే ఓనమాల పలక యయ్యెను. అదే మెమరీలో సూత్రములను దాచుకొని పరీక్షకు పోయినవారును లేకపోలేదు.

దానికి విరుగుడుగా ఏర్పడినదే ‘పరీక్షాస్థితి’. 2015లో ఫ్రెంచి విద్యాశాఖవారు చేసిన ఉత్తరువు ప్రకారము, మెమరీ గల యంత్రము పరీక్షాకాలమున ఈ స్థితిలో నుండవలెను. లోపల దాచినదేదియు అందుబాటులో నుండరాదు. యంత్రపు పై అంచున చిన్నదీపమొకటి మినుకుమినుకుమనుచుండవలెను. మరియొక కాల్క్యులేటరుకో కంప్యూటరుకో తీగతో కలిపిననే గాని ఆ స్థితి తొలగరాదు. పర్యవేక్షకుడు బల్లల నడుమ తిరుగుచు దీపమును చూచిన చాలును.

అయితే దీపమును వెలిగించునదేది? యంత్రములోని సాఫ్ట్‌వేరే. తాను నిర్దోషినని తానే సాక్ష్యము చెప్పుకొను ముద్దాయి వంటి దది. ఆ సాఫ్ట్‌వేరు స్థానమున విద్యార్థి తాను వ్రాసినదానిని ఎక్కింపగలిగినచో, మెమరీని తెరచియుంచి దీపమును మాత్రము మినుకుమనిపింపవచ్చును. పర్యవేక్షకుని కంటికి భేదము తెలియదు.

కావున తయారీదారులు తాళము వేసిరి. సంస్థ తన సాఫ్ట్‌వేరుపై గణితముతో నొక సంతకము చేయును. ఆ సంతకము సరిపోలనిదానిని యంత్రము స్వీకరింపదు. ఇట్టి సంతకములలో విరివిగా వాడబడునదానికి మూలము మనమెరిగిన కారణాంకములే. 53ను 59చే గుణించి 3127 అని చెప్పుటకు అరనిమిషము చాలును. కాని 10403 అను సంఖ్యనిచ్చి దాని ప్రధాన కారణాంకములను చెప్పుమన్నచో ఎంతసేపు పట్టునో చదువరులు కాగితముపై చేసి చూడుడు. టి.ఐ.-83 ప్లస్ తాళమునకు వాడిన సంఖ్యలో 150కి పైగా అంకెలున్నవి. (ఆ యంత్రమునకు దీపము లేదు, తాళము మాత్రము కలదు.) 2009లో ఒక ఔత్సాహికుడు తన యింటి కంప్యూటరును 73 దినములు నడిపి ఆ సంఖ్యను రెండుగా విడగొట్టెను. దానిని ప్రకటించినవారికి సంస్థ నోటీసులు పంపెను. కొన్న వస్తువును పరిశోధించుట నేరము కాదని ఎలెక్ట్రానిక్ ఫ్రాంటియర్ ఫౌండేషన్ వారు వారి పక్షమున వాదించిరి.

అటుపిమ్మట 2020లో, పరీక్షాస్థితి భద్రత కొరకని, టి.ఐ. వారు తమ క్రొత్త యంత్రములలో కొన్నింటియందు యంత్రభాషలో వ్రాసిన ప్రోగ్రాములు నడువకుండ చేసిరి. కొలది నెలలలోనే ఔత్సాహికులు మరియొక త్రోవ కనుగొనిరి. మాకు మిక్కిలి విచారము కలిగించినది మాత్రము నమ్‌వర్క్స్ వృత్తాంతము. 2017లో ఫ్రాన్సున వెలువడిన ఈ యంత్రపు సాఫ్ట్‌వేరును తయారీదారులే అందరును చదువుకొనునట్లు ప్రకటించిరి. ఔత్సాహికులు దానిని మార్చి, ఒమెగా యను క్రొత్త రూపమును కల్పించి, తమ యంత్రములలో ఎక్కించుకొనిరి. 2021లో అదే సంస్థ తన యంత్రమునకు తాళము వేసెను.

మోసగించువానికి మరియొక త్రోవ దొరకును. నిజముగా నష్టపోయినవాడు, పరీక్షతో నిమిత్తము లేక సాయంకాలమున ఇంటియొద్ద ప్రోగ్రాము వ్రాసికొను బాలుడని మా తలంపు. అట్లని పర్యవేక్షకుని నిందింపజాలము, ఆ పనిని మేమును చేయువారమే. గంట మ్రోగుటకు ముందున్న కొలదిపాటి సమయమున గదిలోని యంత్రములన్నింటి లోగుట్టును చూడుమనుట యెట్లు?

తాళముతో పనిలేని పద్ధతి యింకొకటి కలదు. మన ఇంజనీరింగు విద్యార్థులు వ్రాయు గేట్ పరీక్షలో కాల్క్యులేటరు కంప్యూటరు తెరపైననే యుండును, సొంతయంత్రమును లోనికి రానీయరు. అమెరికావారి శాట్ పరీక్ష 2023లో ఇతరదేశములందును, 2024లో ఆ దేశమునందును కంప్యూటరుపైకి మారినప్పుడు, డెస్మాస్ అను గ్రాఫు కాల్క్యులేటరును ప్రశ్నలతోపాటే తెరపై అమర్చిరి. అందులో విద్యార్థి దాచి తెచ్చినదేదియు నుండదు. తాను వ్రాసిన ప్రోగ్రామును నుండదు.