కారు దగ్గర పెట్రోల్ వాసన ఎందుకు?

పెట్రోల్ బంకులో ఆ వాసన మామూలే. ఇంటి ముందు ఆపిన కారు నుంచి అదేపనిగా వస్తుంటే మాత్రం ఎక్కడో లీకు ఉందేమో చూడాలి.

పెట్రోల్ ఆవిరి కావడానికి పొయ్యి అక్కర్లేదు. సున్నాకు 40 డిగ్రీలు దిగువన కూడా, నిప్పు తగిలితే అంటుకునేంత ఆవిరి దాని నుంచి లేస్తుంది. అది గాలికంటే మూడు నాలుగు రెట్లు బరువు కనుక నేలబారునే పాకుతుంది.

మరి లోపం ఎక్కడో ఎలా తెలుస్తుంది? వాసన ఎప్పుడు వస్తోందో గమనించాలి. ట్యాంకు నింపగానే వస్తే మూత సరిగా బిగియలేదేమో! ట్యాంకులో లేచే ఆవిరిని పట్టి ఉంచే బొగ్గు డబ్బా ఒకటి ఉంటుంది. అందులోని గుల్ల బొగ్గు ఆవిరిని పట్టుకుని, ఇంజిన్ తిరిగేటప్పుడు దానికే అందిస్తుంది. కారు మొత్తంలో నాకు ముచ్చటగొలిపే భాగం ఇదే. ట్యాంకును అంచు దాకా నింపితే పెట్రోలే డబ్బాలోకి చేరి దాన్ని పాడుచేస్తుంది.

ఇంజిన్ నడుస్తున్నప్పుడు వస్తే అనుమానం గొట్టాల మీదికి మళ్లాలి. పంపు పెట్రోల్‌ను గట్టి ఒత్తిడితో తోస్తుంది. రబ్బరు గొట్టం పగుళ్లిచ్చినా, ఇంజిన్‌లోకి పెట్రోల్ చిమ్మే ఇంజెక్టరు దగ్గరి రబ్బరు రింగు గట్టిపడినా పెట్రోల్ చెమరుస్తుంది. వేడికి ఆ తడి ఇట్టే ఆరిపోతుంది కాబట్టి ఓపిగ్గా వెతకాలి. టేపు చుట్టి సరిపెట్టకూడదు, కొత్త గొట్టమే వేయించాలి.

వాసన మీ ముక్కుకు తగిలితే వెంటనే పెద్దవాళ్లకు చెప్పండి. ఇంజిన్ ఆపించి, దిగి, దూరంగా నిలబడండి. అగ్గిపుల్ల గీసి ఎవరినీ వెతకనివ్వకండి. మిగతా పని మెకానిక్‌ది.