దొరకలేదన్న మాట - లేదన్న మాట

త్రాగునీటిలో ఫ్లోరైడు అధికమైనచో పండ్లకు, ఎముకలకు ఎట్టి చేటు కలుగునో నల్లగొండ ప్రాంతపు విద్యార్థులకు వేరుగా చెప్పనక్కరలేదు. పటిక, సున్నము వేసి నీటినుండి ఫ్లోరైడును తగ్గించు విధానమునకు 'నల్లగొండ పద్ధతి' అనియే పేరు. లీటరు నీటిలో ఫ్లోరైడు 1 మిల్లీగ్రామును మించరాదనియు, వేరొక నీటి వసతి లేనప్పుడు మాత్రము 1.5 వరకు ఉండవచ్చుననియు 2012 నాటి భారత ప్రమాణము ఐ.ఎస్. 10500 చెప్పుచున్నది.

నల్లగొండ, మహబూబ్‌నగర్ గ్రామాల నీటి నమూనాలను పరిశీలించి 'త్రాగవచ్చును', 'త్రాగరాదు' అని తేల్చు కంప్యూటరు ప్రోగ్రాము ఒకటి ఉన్నదనుకొందాము. అందులో 1.5 అను హద్దు అనేక ఫైళ్ళలో వ్రాయబడినది. దానిని అంతటను 1గా మార్చవలెను. ఈ పనిని కృత్రిమ మేధతో పనిచేయు 'ఏజెంటు'కు అప్పగించితిమి. అది ఒక్క చోట మార్చుట మరచినను, 1.3 మిల్లీగ్రాముల ఫ్లోరైడు గల బావి నీరు మంచిదని ఆ పట్టికలో నమోదగును. ఆ నీరు త్రాగువారు పిల్లలు.

ఏజెంటు వందలాది ఫైళ్ళను మొదటినుండి తుదివరకు చదువదు. వెదకు సాధనమును పిలుచును. ఇట్టి సాధనములలో ప్రసిద్ధమైన 'గ్రెప్'ను 1973లో బెల్ లాబొరేటరీస్‌లో కెన్ థాంప్సన్ రచించెను. 2016లో ఆండ్రూ గాలంట్ రచించిన 'రిప్‌గ్రెప్' నేడు విరివిగా వాడుకలో ఉన్నది. అయితే సాధనము లోపల ఏమి జరుగుచున్నదో ఏజెంటుకు కనబడదు. సాధనము పేరు, దాని వివరణ, ఇవ్వవలసిన అంశములు - ఇవియే దానికి అందును. 2024 నవంబరులో ఆంత్రోపిక్ సంస్థ ప్రకటించిన 'మోడల్ కాంటెక్స్ట్ ప్రోటోకాల్'లోని ఏర్పాటు కూడ ఇట్టిదే. ప్రయోగశాలలో సీసాపై అంటించిన చీటీ వంటిది ఈ వివరణ. చీటీ తప్పైనచో ఎంత తెలివిగల విద్యార్థియైనను తప్పు ద్రావకమునే పోయును.

'ఫైళ్ళలో వెదకును' అని మాత్రమే చీటీపై వ్రాసితిమనుకొనుడు. ఏమగునో చూడుడు.

మొదటిది, చుక్క. గ్రెప్ వంటి సాధనములు తమకిచ్చినదానిని మామూలుగా ఒక నమూనాగా గ్రహించును. నమూనాలో చుక్కకు 'ఏదేని ఒక అక్షరము' అని అర్థము. కావున 1.5 అని అడిగినచో 125, 145, 185 కూడ వచ్చి పడును. ఏజెంటు ఆ గుంపులో అసలు హద్దును పోగొట్టుకొనవచ్చును.

రెండవది, అర్థము. ఒక ఫైలులో అదే హద్దు '1500 మైక్రోగ్రాములు' అని ఉండవచ్చును. మనకు రెండును ఒక్కటే; సాధనమునకు కావు. అది అక్షరములను పోల్చునే గాని అర్థమును పోల్చదు.

మూడవది, కనబడని అక్షరము. 'మహబూబ్‌నగర్' అని వ్రాయునప్పుడు బకారము క్రింద నకారము వత్తుగా చేరకుండ, నడుమ రూపములేని గుర్తు నొకదానిని ఉంచుదురు. యూనికోడులో దాని సంఖ్య 200సి. ఒక ఫైలులో ఆ గుర్తు ఉండి, మరియొక దానిలో లేనిచో సాధనమునకు అవి రెండు వేరు మాటలు. నల్లగొండ, నల్గొండ అను రూపములును అంతే.

అన్నిటికన్న ప్రమాదకరమైనది నాలుగవది. రిప్‌గ్రెప్ ప్రత్యేకముగా చెప్పనిదే దాచిన ఫైళ్ళను, విస్మరింపవలసినవని జాబితాలో చేర్చిన ఫైళ్ళను చూడదు. హద్దు అట్టి ఫైలులో ఉన్నచో 'దొరకలేదు' అని వచ్చును. ఏజెంటు దానిని 'లేదు' అని గ్రహించి, పని ముగిసినదని చెప్పును. చూడకపోవుట వేరు, లేకపోవుట వేరు. గ్రెప్ తన పని ముగించునప్పుడు ఒక అంకెను తెలుపును: దొరికినచో 0, దొరకనిచో 1, వెదకుటలోనే పొరపాటు జరిగినచో 2. ఈ మూడింటి భేదమును వివరణలో చెప్పనిచో 2 కూడ 'లేదు' క్రిందనే జమ కావచ్చును.

కావున మంచి చీటీ ఇట్లుండవలెను: "ఈ సాధనము ఇచ్చిన మాటను ఉన్నదున్నట్లు వెదకును, చుక్కను చుక్కగనే గ్రహించును. అర్థమును బట్టి వెదకదు. వేరు రూపములున్నచో ఒక్కొక్కదానిని వేరుగా అడుగవలెను. దాచిన, విస్మరించిన ఫైళ్ళను చూడదు. అవియు కావలెనన్న 'అన్నియు' అని తెలుపవలెను. మొదటి 100 ఫలితములనే చూపి, మిగిలినవి ఎన్నియో చెప్పును. ఏమియు దొరకనిచో ఎన్ని ఫైళ్ళు చూచినదో, ఎన్నిటిని విడిచినదో తెలుపును." ఇందులో అలంకారమేమియు లేదు. సాధనము చేయు పనితోపాటు చేయని పనియు ఇందులో ఉన్నది.

ఉపాధ్యాయులు దీనిని కంప్యూటరు లేకుండగనే తరగతిలో పరీక్షింపవచ్చును. పాఠ్యపుస్తకములో ఒక మాట ఎన్ని చోట్ల వచ్చినదో కనుగొను విధమును ఒక విద్యార్థి వ్రాయవలెను. మరియొకడు ఆ కాగితములో ఉన్నదే చేయవలెను, లేనిది ఊహింపరాదు. పటముల క్రింది మాటలు, అనుబంధములు, పట్టికలు విడిచిపెట్టబడినచో దోషము వెదకినవానిది కాదు, కాగితము వ్రాసినవానిది. తరువాత ఆ కాగితమునే సవరింపజేసి మరల వెదకించుడు.