మెయిల్ ప్రోగ్రామ్ ఎంచుకునే ముందు చూడాల్సిన అంకెలు

జనగామ అని రాస్తే కంటికి నాలుగు అక్షరాలు. కంప్యూటర్ లెక్కలో మాత్రం గుణింతం గుర్తూ విడిగా లెక్కకొచ్చి ఐదు. యూనికోడ్‌లో వాడుకలో ఉన్న యూటీఎఫ్-8 పద్ధతిలో తెలుగు గుర్తు ఒక్కోటి 3 బైట్లు, అంటే 15. మహబూబాబాద్‌కు 30, భూపాలపల్లికీ 30. మెయిల్ సబ్జెక్టులోకి వెళ్లేటప్పుడు ప్రతి 3 బైట్లూ 4 ఇంగ్లిష్ అక్షరాలుగా మారతాయి. ‘జయశంకర్ భూపాలపల్లి జిల్లా’ అని రాస్తే 71 బైట్లు కాస్తా 96 అక్షరాలవుతాయి. 1996 నాటి మెయిల్ ప్రమాణం ప్రకారం ఒక ముక్క 75 అక్షరాలు దాటకూడదు. కనుక రెండు ముక్కలు చేయాలి, అదీ ఏ గుర్తూ మధ్యలో తెగకుండా. ఆ జాగ్రత్త లేని పాత ప్రోగ్రాముల్లోనే తెలుగు సబ్జెక్టు మధ్యలో ప్రశ్నార్థకాలు, డబ్బాలు కనిపిస్తాయి.

2016 అక్టోబర్ 11న పాత వరంగల్ జిల్లాలోంచి విడిపోయి ఈ మూడు ఊళ్లూ జిల్లా కేంద్రాలయ్యాయి. ఇక్కడి చిన్న ఆఫీసులకు, డీటీపీ సెంటర్లకు టెండరు కాగితమైనా బిల్లయినా మెయిల్లోనే. నెట్ పోయినా పాత ఉత్తరం తీసి చూపించగలగాలి. బ్రౌజర్ కాకుండా డెస్క్‌టాప్ ప్రోగ్రామ్ పెట్టుకోవడానికి అసలు కారణం అదే.

థండర్‌బర్డ్ 2004 నుంచి ఉంది, ఉచితం, విండోస్‌లోనూ లినక్స్‌లోనూ నడుస్తుంది. ఐమాప్ (ఉత్తరాలను సర్వర్‌లోనూ ఉంచే పద్ధతి) ఖాతా కలిపితే ఉత్తరాలన్నీ హార్డ్ డిస్కులోకి దించుకుంటుంది. జీమెయిల్ ఉచితంగా ఇచ్చే 15 జీబీ నిండి ఉంటే, అందులోని మెయిల్‌కు సరిపడా చోటు డిస్కులోనూ ఉండాలి. థండర్‌బర్డ్ ఒక ఫోల్డర్ మొత్తం ఒకే ఫైలుగా దాస్తుంది. ఉత్తరం తుడిచినా, ‘కాంపాక్ట్’ చేసేదాకా ఆ చోటు ఖాళీ కాదు.

పాత తరహా అవుట్‌లుక్‌కు డబ్బు కట్టాలి. అది ఉత్తరాలు దాచే పీఎస్టీ ఫైలు హద్దు 2002 వెర్షన్ దాకా 2 జీబీ, 2003లో 20, 2010 నుంచి 50. ఆఫీసు క్యాలెండర్, మీటింగులు అన్నీ దీంతోనే నడిచేచోట దీనికి సాటి లేదు. విండోస్‌తో ఉచితంగా వచ్చిన మెయిల్ యాప్‌కు 2024 డిసెంబర్ 31తో కాలం చెల్లింది. దాని స్థానంలో వచ్చిన కొత్త అవుట్‌లుక్ జీమెయిల్ వంటి బయటి ఖాతాల ఉత్తరాల నకలును మైక్రోసాఫ్ట్ సర్వర్లలోనూ ఉంచుతుంది. ఖాతాదారుల కాగితాలు చూసే ఆడిటర్లు ఈ సంగతి తెలిసే ఒప్పుకోవాలి. ఈఎం క్లయింట్ అనే మరో ప్రోగ్రామ్ ఉచిత వెర్షన్ రెండు ఖాతాలకే, అదీ సొంత వాడకానికే. దుకాణానికి పనికిరాదు.

ఏ ప్రోగ్రామూ తీర్చలేని ఇబ్బందులు రెండున్నాయి. అను ఫాంట్లలో కొట్టిన మేటర్‌ను మెయిల్లో పేస్టు చేస్తే అవతలివాళ్లకు పిచ్చి గీతలే కనిపిస్తాయి. ఆ ఫాంట్లు ఇంగ్లిష్ అక్షరాల చోట్లలో తెలుగు బొమ్మలు కూర్చినవి. యూనికోడ్‌లోకి మార్చాలి, లేదా పీడీఎఫ్ చేసి పంపాలి. రెండోది, జత చేసిన ఫైలు దారిలో మూడో వంతు ఉబ్బుతుంది. 15 ఎంబీ స్కాన్ 20 ఎంబీ అవుతుంది. సర్వర్ సైజు హద్దు దాటి తిరిగొచ్చిన టెండరు కాగితాల వెనక చాలాసార్లు ఉండేది ఈ లెక్కే. స్కాన్ సైజు ముందే తగ్గించుకోవాలి.

బ్యాకప్ దగ్గర ఇంకో అంకె అడ్డొస్తుంది. ఎఫ్ఏటీ32 పద్ధతిలో ఫార్మాట్ చేసిన పెన్‌డ్రైవ్ 4 జీబీ మించిన ఫైలును తీసుకోదు. 64 జీబీ డ్రైవ్ ఖాళీగా ఉన్నా సరే, 6 జీబీ పీఎస్టీ అందులోకి వెళ్లదు. డ్రైవ్‌ను ఎక్స్‌ఫ్యాట్‌గా మార్చితే వెళ్తుంది.

తెలుగులో ఉత్తరాలు నడిపే చిన్న ఆఫీసుకు నా ఓటు థండర్‌బర్డ్‌కే. అయితే ప్రోగ్రామ్ ఏదైనా, ఈ వారమే అకౌంట్ సెట్టింగులు తెరిచి చూడండి. అక్కడ ఐమాప్ కాకుండా పాప్ అని ఉంటే మీ ఉత్తరాలు ఆ ఒక్క కంప్యూటర్లోనే మిగిలి ఉండొచ్చు. ఇంకేదీ మార్చకముందే బ్యాకప్ తీసుకోండి.