పొగ రంగే చెబుతుంది... జబ్బేంటో!

ఉదయం ఆరు గంటలు. ప్రకాశం జిల్లా చీమకుర్తి గ్రానైట్‌ క్వారీల్లో పని ఇంకా ఊపందుకోలేదు. ఒక చేత్తో పాత గుడ్డ, మరో చేత్తో గ్రీజు గన్ను పట్టుకున్న ఆపరేటరు తన లోడర్‌ చుట్టూ ప్రదక్షిణ చేస్తుంటాడు. గుడి చుట్టూ తిరిగినంత శ్రద్ధగా! ఆ పది నిమిషాలే బండిని కాపాడతాయి. ఒక్కోసారి మనిషిని కూడా.

క్వారీల్లో, రేవుల్లో, బొగ్గు యార్డుల్లో ముందు పెద్ద బకెట్‌తో, మనిషెత్తు టైర్లతో కనిపించే బండే వీల్‌ లోడర్‌. 1954లో స్వీడన్‌లో తయారైన హెచ్‌-10 దీని తొలి రూపాల్లో ఒకటి. ట్రాక్టరును వెనక్కి తిప్పి బకెట్‌ తగిలించినట్టుండేది. తర్వాత వచ్చిన లెటర్నో ఎల్‌-2350 అయితే ఒక్క విడతలో 72 టన్నులు ఎత్తేస్తుంది! అయితే ఎంత పెద్ద బండికైనా మొదటి శత్రువు దుమ్మే.

మూడు రంగుల పొగ

జబ్బు ముదరకముందే లోడర్‌ సంకేతాలిస్తుంది. నల్లటి పొగ కక్కుతుంటే ఇంజిన్‌కు గాలి చాలడం లేదేమో చూడాలి. చాలాసార్లు దుమ్ముతో మూసుకుపోయిన ఎయిర్‌ ఫిల్టరే కారణం. నీలం పొగ వస్తుంటే ఇంజిన్‌ ఆయిల్‌ కాలిపోతోందన్నమాట. చలి పొద్దున కాసేపు తెల్లపొగ మామూలే. బండి వేడెక్కాక కూడా ఆగకుండా, రేడియేటర్లో కూలెంట్‌ తగ్గుతుంటే మాత్రం హెడ్‌ గాస్కెట్‌ను అనుమానించాలి.

హైడ్రాలిక్‌ ఆయిల్‌ పాలలా తెల్లగా మారిందా? అందులో నీళ్లు కలిశాయి. నురగ వస్తోందా? పంపుకు ఆయిల్‌ తెచ్చే పైపులో ఎక్కడో గాలి చొరబడుతోంది. బకెట్‌ నెమ్మదిగా లేస్తే ‘పంపు పోయింది’ అని కంగారుపడి పెద్ద ఖర్చు నెత్తిన వేసుకోనక్కర్లేదు. ముందు ఆయిల్‌ మట్టం, తర్వాత ఫిల్టరు, ఆ తర్వాతే పంపు. పైకెత్తిన బకెట్‌ దానంతటదే కిందకు జారుతోంటే సిలిండర్‌ సీళ్లో, కంట్రోల్‌ వాల్వో అరిగినట్టు.

ఇంజిన్‌ మాటిమాటికీ వేడెక్కుతుంటే రేడియేటర్‌ రెక్కల మధ్య పేరుకున్న దుమ్మును ముందు వదిలించాలి. గాలి ఏ వైపు నుంచి లోపలికి వెళుతుందో దానికి ఎదురు వైపు నుంచి ఊదాలి. బండి వేడిగా ఉండగా రేడియేటర్‌ మూత తీస్తే ముఖం కాలిపోతుంది.

బకెట్‌ పిన్నుల దగ్గర పాత గ్రీజు బయటకొచ్చేదాకా కొత్తది ఎక్కించాలి. అప్పుడే లోపలి దుమ్మూ దాంతోపాటు వచ్చేస్తుంది. ఈ పని బద్ధకించిన చోట పిన్నూ, బుష్షూ రెండూ అరిగి బకెట్‌ లొడలొడలాడుతుంది.

ఆ నడుము దగ్గరే...

లోడర్‌ స్టీరింగ్‌ తిప్పితే చక్రాలు కాదు, బండే మధ్యలో వంగుతుంది. ఆ నడుము దగ్గర మనిషి నిలబడి ఉండగా ఎవరైనా స్టీరింగ్‌ తిప్పితే తప్పించుకునే దారుండదు. అందుకే అక్కడ పనిచేసే ముందు రెండు భాగాలూ కదలకుండా లాక్‌ బార్‌ బిగించి తీరాలి. పైకెత్తిన బకెట్‌ కిందకూ ఆసరా లేకుండా వెళ్లకూడదు.

కంటికి కనిపించని ప్రమాదం మరొకటుంది. హైడ్రాలిక్‌ పైపుకు సూదిమొనంత చిల్లు పడితే, ఆయిల్‌ చర్మాన్ని చీల్చుకుని లోపలికి వెళ్లిపోతుంది. లీకేజీని చేత్తో తడిమి చూడకూడదు. అట్టముక్క అడ్డుపెట్టి చూడాలి. పొరపాటున గుచ్చుకుంటే, గాయం చిన్నదే కదా అని పసుపు అద్ది ఊరుకోకుండా వెంటనే ఆస్పత్రికి పరుగెత్తాలి. ఆలస్యమైతే వేలో, చెయ్యో తీసేయాల్సి రావొచ్చు. టైరుకు గాలి కొట్టేటప్పుడూ అంతే... రిమ్ముకు ఎదురుగా కాకుండా పొడవాటి పైపుతో పక్కకు నిలబడాలి.

సాయంత్రం పని ముగిశాక బకెట్‌ నేలకు ఆనించి, ఇంజిన్‌ను మూడు నాలుగు నిమిషాలు ఉత్తినే తిరగనిస్తే టర్బో చల్లబడుతుంది. అప్పుడే డీజిల్‌ ట్యాంకు నింపేస్తే రాత్రి చెమ్మ చేరదు. పొద్దున ఫిల్టరు కింద చేరిన నీటిని వదిలేస్తే సరి. అవర్‌ మీటర్‌ చూసి, 250 గంటలకు, 500 గంటలకు అంటూ కంపెనీ పుస్తకం చెప్పిన పనులు తేదీ వేసి రాసిపెట్టుకుంటే సర్వీసు తప్పదు.

లోడర్‌ ఒక్కరోజు ఆగితే దాని వెనక లారీలాగుతాయి, కూలీలాగుతారు. కంతు మాత్రం ఆగదు. అందుకే ఆ ప్రదక్షిణ... బండి కోసమే కాదు, ఇంటి దగ్గర ఎదురుచూసే వాళ్ల కోసం కూడా!